కంప్యూటర్ పనికి కళ్లజోడు: ముందు కొలవాల్సింది దూరం

కంప్యూటర్ తెర సాధారణంగా కంటికి 50 నుంచి 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. చేత్తో పట్టుకుని చదివే పుస్తకం అంతకన్నా దగ్గరగా, దాదాపు 40 సెంటీమీటర్లలో ఉంటుంది. కళ్ల పరీక్షలో మామూలుగా చదివించేవి రెండే: ఆరు మీటర్ల దూరానికి లెక్కగట్టిన అక్షరాల చార్టు, చేతికిచ్చే చిన్న అక్షరాల కార్డు. రోజంతా చూసే తెర ఈ రెంటి మధ్యా మిగిలిపోతుంది. సాయంత్రానికి కళ్లు లాగడం, తల బరువెక్కడం, మెడ పట్టేయడం లాంటి బాధలకు ఈ నడిమి దూరానికి కుదరని అద్దాలు ఒక ముఖ్య కారణం.

దగ్గరి వస్తువును చూసినప్పుడు కంటిలోపలి చిన్న కండరం బిగుసుకుంటుంది, దాంతో కటకం ఉబ్బి పవర్ పెరుగుతుంది. ఎంత దూరానికి ఎంత పవర్ కావాలో తెలుసుకోవడం తేలికే. 1ని మీటర్లలోని దూరంతో భాగిస్తే పవర్ డయాప్టర్లలో వచ్చేస్తుంది. 40 సెంటీమీటర్లకు 2.5 డయాప్టర్లు, 66 సెంటీమీటర్లకు 1.5, అర మీటరుకు 2 డయాప్టర్లు కావాలి. పడుచు వయసులో కంటికి ఇదొక లెక్కే కాదు. వయసు పెరిగేకొద్దీ కటకం గట్టిపడి, నలభై దాటాక చత్వారం మొదలవుతుంది. అరవై వచ్చేసరికి కంటికి సొంతంగా సర్దుకునే శక్తి దాదాపు మిగలదు.

నలభై లోపు వారికి

ఈ వయసులో చాలామందికి కంప్యూటర్ కోసం వేరే కళ్లజోడు అక్కర్లేదు. ఉన్న పవర్ కచ్చితంగా ఉంటే చాలు. అయితే కొద్దిపాటి ప్లస్ పవర్, అర డయాప్టర్ సిలిండర్ పవర్ (అస్టిగ్మాటిజం) లాంటివి మామూలు పనుల్లో బయటపడకపోయినా గంటల తరబడి తెర చూసేటప్పుడు కంటిని అలిసిపోయేలా చేస్తాయి. తలనొప్పి తరచుగా వస్తుంటే వీటి కోసం పరీక్ష చేయించుకోవాలి. ఏ పవరూ అవసరం లేదని తేలితే, కంప్యూటర్ పేరుతో అమ్మే సాదా అద్దాలు కొననక్కర్లేదు.

నలభై దాటిన వారికి

అసలు ఎంపిక ఇక్కడే. దూరపు చూపు బాగున్న వ్యక్తి ప్లస్ 2 రీడింగ్ గ్లాసులు పెట్టుకుంటే అర మీటరుకు ఆవల ఉన్నదంతా మసకబారుతుంది. తెర 65 సెంటీమీటర్లలో ఉంటే ముందుకు వంగక తప్పదు. బైఫోకల్‌లో కింది ముక్క చదవడానికి, పై భాగం దూరానికి పనికొస్తాయి, తెర రెంటికీ అందదు. 1959లో ఫ్రాన్స్‌లో వారిలక్స్ పేరుతో మార్కెట్లోకి వచ్చిన ప్రోగ్రెసివ్ అద్దాల్లో పైనుంచి కిందికి పవర్ క్రమంగా మారుతుంది. వీటితో తెర కనిపిస్తుంది కానీ, నడిమి దూరానికి కేటాయించిన భాగం సన్నటి దారిలా ఉంటుంది. దాని గుండా చూడాలని గడ్డం పైకెత్తి కూర్చునేవారికి మెడ నొప్పి వస్తుంది. తెర వాడకం కొద్దిసేపే అయితే ప్రోగ్రెసివ్ సరిపోతుంది.

గంటల తరబడి కూర్చునేవారికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, తెర దూరానికే చేయించుకునే ఒకే పవర్ అద్దాలు. వీటిలో చూపు విశాలంగా ఉంటుంది, ఖర్చూ తక్కువ. డాక్టర్ చీటీలో చదవడానికి అదనంగా రాసిన పవర్‌లో దాదాపు సగం వీటికి సరిపోతుంది. దూరానికి మైనస్ 2, అదనం ప్లస్ 2 ఉన్న వ్యక్తికి తెర కోసం సుమారు మైనస్ 1 అవుతుందన్నమాట. ఇది అంచనా మాత్రమే, ఖరారు పరీక్షలోనే జరగాలి. రెండోది, ఆఫీస్ ప్రోగ్రెసివ్. దీనిలో తెరకు, టేబుల్ మీది కాగితాలకు విశాలమైన భాగాలుంటాయి, దూరపు చూపు మాత్రం తక్కువ. తెర, కాగితాలు రెండూ మార్చి మార్చి చూసే అకౌంటెంట్లకు, డీటీపీ ఆపరేటర్లకు ఇది అనువు. ఈ రెండింటిలో ఏది పెట్టుకున్నా బండి నడపకూడదు.

కోటింగులు, ఫ్రేము

కోటింగ్ లేని మామూలు అద్దం తన మీద పడిన వెలుతురులో సుమారు 8 శాతాన్ని వెనక్కి తిప్పేస్తుంది. యాంటీ గ్లేర్ కోటింగ్ దీన్ని బాగా తగ్గిస్తుంది. పైనున్న ట్యూబ్‌లైట్, వెనకున్న కిటికీ అద్దంలో కనబడి విసిగించవు కాబట్టి దీనికి పెట్టే డబ్బు వృథా కాదు. నీలికాంతిని అడ్డుకుంటాయని అమ్మే బ్లూ కట్ అద్దాల మాట వేరు. వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ నుంచి 2023లో వచ్చిన సమీక్ష 17 ప్రయోగాలను పరిశీలించింది. మామూలు అద్దాలతో పోలిస్తే, తక్కువ కాలంలో చూసినంత వరకు, బ్లూ కట్ వల్ల కంటి అలసట తగ్గుతుందన్న ఆధారం దానిలో కనిపించలేదు. తెర నుంచి వచ్చే నీలికాంతి ఆరుబయట పగటి వెలుతురులో ఉండేదానికన్నా చాలా తక్కువ.

ఫ్రేము ముక్కు మీంచి జారకూడదు. రెండు కంటిపాపల మధ్య దూరాన్ని కొలిచి, అద్దాల కేంద్రాలను దానికి సరిపెట్టాలి. ప్రోగ్రెసివ్ అయితే ఎంచుకున్న ఫ్రేము పెట్టుకున్నాకే ఎత్తు గుర్తు పెట్టించుకోవాలి.

అద్దాలు చేయలేని పని

తెర చూసేటప్పుడు రెప్పపాటు బాగా తగ్గిపోతుంది, దాంతో కళ్లు పొడిబారి మండుతాయి. ఇది ఏ అద్దంతోనూ పోదు. ఏసీ గాలి ముఖానికి తగలకుండా చూసుకోవడం, గుర్తుపెట్టుకుని రెప్పలు ఆర్పడం, 20 నిమిషాలకోసారి 20 అడుగుల ఆవలి వస్తువును 20 సెకన్లు చూడడం మేలు చేస్తాయి. తెర పై అంచు కంటి ఎత్తుకు లేదా కాస్త కిందికి ఉండాలి. షుగర్ అదుపులో లేనప్పుడు కంటి పవర్ మారుతూ ఉంటుంది. అందుకే షుగర్ అదుపులోకి వచ్చాకే అద్దాలు చేయించుకోవడం మంచిది. చూపు హఠాత్తుగా మసకబారినా, వస్తువులు రెండుగా కనిపించినా, కంట్లో మెరుపులు వచ్చినా కళ్లజోళ్ల షాపుకు కాకుండా వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

పరీక్షకు వెళ్లేముందు రోజూ కూర్చునే తీరులోనే కూర్చుని, కంటి నుంచి తెరకు, కీబోర్డుకు, కాగితాలకు ఎంత దూరమో టేపుతో కొలిపించుకుని రాసుకోవాలి. తెర ఎంత ఎత్తులో ఉందో, ఎన్ని తెరలున్నాయో కూడా చెప్పాలి. ఖరీదైన బ్రాండ్ కన్నా ఈ కొలతలే సరైన కళ్లజోడును నిర్ణయిస్తాయి.