కుందేలు గీసిన ఊరు

ఉత్తరాదికి రైలెక్కే తెలుగువాళ్లకు బల్లార్షా అంటే టీ, పులిహోర పొట్లాలు దొరికే పెద్ద స్టేషన్. ఆ పేరు బల్లాల్ షా అనే గోండు రాజులదని, అక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఆ వంశం కట్టిన ఊరి చుట్టూ కోటగోడ ఇంకా నిలిచే ఉందని తెలిసినవాళ్లు తక్కువ. ఆ ఊరే మహారాష్ట్రలోని చంద్రపూర్. పాతవాళ్లకు చందా.

గోండు రాజుల తొలి రాజధాని సిర్పూర్. ఇప్పుడది మన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. అక్కడి నుంచి బల్లార్‌పూర్, ఆ తర్వాత చందా. రాజధాని ఇలా మారడం వెనక ఒక కథ చెబుతారు. 15వ శతాబ్దపు రాజు ఖాండక్యా బల్లాల్ షాకు ఒళ్లంతా కురుపులు. వేటకు వెళ్లి దప్పికతో, ఎండిపోయిన ఝర్పట్ ఏటిలోని గుంట నీళ్లు తాగి, ముఖం కడుక్కున్నాడట. తెల్లారేసరికి కురుపులు తగ్గిపోయాయి. అచలేశ్వరాలయం వెలసింది అక్కడే. మరోరోజు అదే చోట నుదుట తెల్లమచ్చ ఉన్న కుందేలు రాజుగారి వేటకుక్కనే ఎదురు తరిమింది. అది పరుగెత్తిన దారి వెంబడే గోడ కట్టించమని రాణి చెప్పిందట.

కుందేలు మాటేమో గానీ, ఆ గీత గీసినవాళ్లకు నేల తీరు బాగా తెలుసు. పడమర ఇరాయ్ నది, తూర్పున ఝర్పట్ ఏరు, దక్షిణాన రెండూ కలిసే చోటు. ఆ నీళ్ల మధ్య దాదాపు 11 కిలోమీటర్ల గోడ. జట్‌పురా, అచలేశ్వర్, పఠాన్‌పురా, బిన్‌బా అని నాలుగు దర్వాజాలు. వాటితోపాటు ఖిడ్కీలనే చిన్న దారులు అయిదు. శవాలను తీసుకెళ్లడానికి మసాన్ ఖిడ్కీ ఉంది, చోర్ ఖిడ్కీ అని మరొకటీ ఉంది! దర్వాజాల మీద ఏనుగును లొంగదీస్తున్న సింహం బొమ్మ, గోండు రాజుల గుర్తు.

చందా రాజులు కోటల కన్నా చెరువుల మీద ఎక్కువ మనసు పెట్టారని నాకనిపిస్తుంది. అడవి నరికి నేల సాగులోకి తెచ్చినవాడికి భూమి, చెరువు తవ్వించినవాడికి దాని కింద పారే నేల ఇచ్చారని పాత గెజిటీర్లు రాశాయి. 18వ శతాబ్దంలో రామ్ షా తవ్వించిన రామాలా చెరువు కోటగోడ పక్కనే ఉంది. కాకతీయుల చెరువులు చూసి పెరిగిన మనకు ఇది కొత్తేమీ కాదు. 2021లో యునెస్కో గుర్తింపు రామప్ప గుడికి వచ్చింది గానీ, రామప్ప చెరువు లేకుండా ఆ గుడిని ఎవరు ఊహించగలరు?

చందాలో మనవాళ్ల జాడ కూడా ఉంది. ఊరి అంచున లాల్‌పేటలో భారీ ఏకశిలా విగ్రహాలు నేల మీద పడుకుని ఉంటాయి. పది తలల దుర్గ వాటిలో అన్నిటికన్నా పెద్దది. రాయప్ప అనే కోమటి శివాలయం కట్టాలనుకుని పూర్తి చేయలేకపోయాడని అంటారు. ఆకాశమే కప్పుగా మిగిలిపోయిన ఆ గుడి నాకు దర్వాజాల కన్నా బాగా నచ్చింది.

రాజుల కోట ఇప్పుడు జిల్లా జైలు. 1858 అక్టోబరు 21న గోండు తిరుగుబాటు నాయకుడు బాబూరావ్ శెడ్మాకేను బ్రిటిష్‌వాళ్లు ఉరి తీసింది అక్కడే. ఆయన్ను ఉరి తీసిన చెట్టునూ జనం స్మారకంగానే చూస్తారు.

ఇంత సంపద మీద చాలాకాలం ముళ్లపొదలు, చెత్త పేరుకుపోయాయి. చుట్టూ బొగ్గు గనులు, పక్కనే థర్మల్ కేంద్రం. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అత్యంత కలుషిత ప్రాంతాల జాబితాలో చంద్రపూర్‌కు 83.88 మార్కులు వేసింది. ఎక్కువ మార్కులొస్తే సిగ్గుపడాల్సిన పరీక్ష అది. 2017లో బండూ ధోత్రే నడిపే ఎకో-ప్రో సంస్థ యువకులు పారలు, కొడవళ్లు పట్టుకుని గోడ ఎక్కారు. రోజుల తరబడి బురుజులు శుభ్రం చేశారు. ఆ ఏడాది ‘మన్ కీ బాత్’లో ప్రధాని ప్రస్తావించాకే దేశానికి ఈ గోడ సంగతి తెలిసింది. ఆ బురుజుల మీదుగా నడక యాత్రలూ మొదలయ్యాయి.

గోడ కథ సగమే. రామాలాలోకి మురుగు చేరి, గుర్రపుడెక్క అల్లుకుపోయింది. దాన్ని బాగు చేయాలని 2021 ఫిబ్రవరిలో ధోత్రే నిరాహార దీక్షకు కూర్చోవాల్సి వచ్చింది. గోడను చూసుకునే కార్యాలయం వేరు, చెరువులోకి మురుగు రాకుండా ఆపాల్సినది వేరు. కట్టినవాళ్లు రాయినీ నీటినీ ఒకే పటం మీద గీస్తే, కాపాడేవాళ్లు రెండు ఫైళ్లు తెరిచారు. చారిత్రక ఉద్యానవనాల మీద 1981లో ఫ్లారెన్స్‌లో తయారైన ఒప్పంద పత్రం చెట్టూ నీరూ కూడా కట్టడంలో భాగమేనని చెప్పింది. పట్టణాలను వాటి భూరూపంతో కలిపి చూడమని యునెస్కో 2011లో సిఫారసు చేసింది. ఈ రెండూ చందా ఫైళ్లలోకి ఎక్కాలి.

చైత్రంలో మహాకాళి జాతరకు తెలంగాణ నుంచి వేలమంది వెళ్తారు. మునిగేది ఝర్పట్‌లోనే. ఈసారి వెళ్లేవాళ్లు గుడి నుంచి అచలేశ్వర్ దర్వాజా దాకా నడవండి. ఏరు, గోడ, గోండు రాజుల సమాధులు అన్నీ ఆ కాస్త దూరంలోనే ఉన్నాయి. ఏటిలో నీళ్లు ఎలా ఉన్నాయో కూడా చూసి, తిరిగొచ్చాక జిల్లా కలెక్టరుకు ఒక ఉత్తరం రాయండి. తెలుగులో రాసినా చదివి చెప్పేవాళ్లు ఆ ఊళ్లో చాలామందే ఉన్నారు.