తొమ్మిది వందల గ్రాముల కత్తికి పది కిలోల కిరాయి ఎందుకు?

పద్యనాటకానికి వాడే కత్తి ఒకటి మీ దగ్గర అమ్మకానికి ఉందనుకోండి. మీరు జగ్గయ్యపేటలో ఉన్నారు, కొనేవారు కర్నూలులో ఉన్నారు. కత్తి పొడవు 80 సెంటీమీటర్లు. పిడి దగ్గర అడ్డపట్టీ వెడల్పు 10, మందం 4. తూకం వేస్తే 900 గ్రాములు, అంటే కిలో కందిపప్పు ప్యాకెట్టు కంటే తక్కువ. అటక మీదున్న పెద్ద అట్టపెట్టె దింపి, కత్తి చుట్టూ పాత గుడ్డలు కుక్కి కొరియర్ కౌంటరుకు తీసుకెళ్తే, రసీదు మీద 10 కిలోలని పడుతుంది. తూకంలో మోసం జరిగిందేమోనని అనుమానం రావడం సహజం. మోసమేమీ లేదు, లెక్క వేరు.

ఆ లెక్క మన మెట్ట ప్రాంతం వాళ్లకు కొత్తది కాదు. నందిగామ వైపు నుంచి వెళ్లే పత్తి లారీని చూడండి. తొట్టి నిండి, పైకి కొండలా పొంగినా దాని బరువు కొంచెమే. జగ్గయ్యపేట నుంచి వెళ్లే సిమెంటు లారీలో తొట్టి సగం ఖాళీగా కనిపిస్తుంది, అయినా బరువు పరిమితి నిండిపోయి ఉంటుంది. మొదటి లారీలో ముందు చోటు అయిపోతుంది, రెండోదానిలో ముందు బరువు అయిపోతుంది. ఏది ముందు అయిపోతే కిరాయి దాని మీదే కట్టాలి. కొరియర్ వాళ్లు చేసేదీ ఇదే. పార్సిలు ఆక్రమించే చోటును కిలోల్లోకి మార్చి చూస్తారు. దీన్ని ఘనపరిమాణ బరువు అంటారు. అసలు బరువు, ఈ బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే బిల్లు.

చోటును కిలోల్లోకి ఎలా మారుస్తారు? పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి మూడింటినీ గుణించి, వచ్చినదాన్ని సాధారణంగా 5000తో భాగిస్తారు. 5000 ఘన సెంటీమీటర్లంటే సరిగ్గా 5 లీటర్లు. కాబట్టి 5 లీటర్ల నూనె డబ్బా పట్టేంత చోటుకు ఒక కిలో అని గుర్తుపెట్టుకుంటే చాలు. అటక మీది పెట్టె 100×25×20 సెంటీమీటర్లు. మొత్తం 50,000 ఘన సెంటీమీటర్లు, అంటే 50 లీటర్లు. రెండున్నర మంచినీళ్ల క్యాన్లంత చోటులో ఒక్క కత్తిని పంపుతున్నారన్నమాట. మిగతా చోటుకు కడుతున్న డబ్బంతా గాలికి కిరాయే.

మరి ఎంత పెట్టె కావాలి? బయటి కొలతలు 88×14×8 ఉంటే చాలు. గుణిస్తే 9,856, భాగిస్తే 1.97 కిలోలు. వెడల్పు 14 బదులు 15 పెట్టి చూడండి. 2.11 కిలోలు అవుతుంది. కిరాయి ఎక్కువగా అర కిలో అంచెల్లో ఉంటుంది కాబట్టి మొదటి పెట్టెకు 2 కిలోల ధర, రెండోదానికి రెండున్నర కిలోల ధర. తేడా ఒక్క సెంటీమీటరే. అందుకే కత్తికి పెట్టె వెతకడం కంటే, కత్తిని కొలిచి పెట్టె చేసుకోవడం మేలంటాను. కౌంటరులో కొలిచేది బయటి వైపే కనుక, టేపు అంటించాక పెట్టె ఉబ్బితే ఈ లెక్క తప్పుతుందని కూడా గుర్తుంచుకోండి.

ఇంత పొడవైన పెట్టె మన ఊళ్లో ఎక్కడ దొరుకుతుందంటారా? టీవీల దుకాణంలో అడగండి. 43 అంగుళాల టీవీ అడ్డం సుమారు 96 సెంటీమీటర్లు, కనుక దాని పెట్టె ముఖం మీటరు పొడవుకు తగ్గదు, ఎత్తు అర మీటరు దాటుతుంది. మన పెట్టెకు కావలసిన అట్ట ఎంతో చూద్దాం. నాలుగు వైపులకు 14, 8, 14, 8 కలిపి 44, అంటించే పట్టీకి 4, మొత్తం 48 సెంటీమీటర్లు. పొడవు 88, రెండు చివర్ల రెక్కలకు 4 చొప్పున 8, మొత్తం 96. ఒక్క టీవీ పెట్టె ముఖంలోనే ఇదంతా వచ్చేస్తుంది. వీలైతే 5-ప్లై అట్ట ఎంచుకోండి. మూడు చదును కాగితాల మధ్య రెండు ముడతల కాగితాలు ఉండే అట్టను అలా అంటారు. ముడతల గీతలు పెట్టె పొడవునా సాగేలా కోయాలి. అడ్డంగా కోస్తే పెట్టె ఆ గీతల దగ్గరే నడుం విరుగుతుంది.

గొట్టంలో పెట్టి పంపకూడదా అని అడిగేవాళ్లున్నారు. ఫ్లెక్సు దుకాణాల్లో రోలు అయిపోయాక మిగిలే అట్టగొట్టం గట్టిదే, కానీ సుమారు 3 అంగుళాల లోపలి వెడల్పులో 10 సెంటీమీటర్ల అడ్డపట్టీ దూరదు. 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపులోనూ దూరడం కష్టమే. దూరినా, మూతలతో కలిపి దాని కొలత 90×12×12 అనుకుంటే 2.59 కిలోలు, అంటే 3 కిలోల ధర. పైపు గుండ్రంగా ఉన్నా కొలిచేటప్పుడు చతురస్రంగానే లెక్కిస్తారు. కర్రసాము కర్రకో, అడ్డపట్టీ లేని కత్తికో గొట్టం వాడండి. అడ్డపట్టీ ఉన్నదానికి చదును పెట్టే సరైనది.

అసలు కష్టమంతా కొన దగ్గర. పెట్టె నిలువుగా నిలబడితే 900 గ్రాములూ కొన మీదే ఆనతాయి. కొన విస్తీర్ణం ఒక చదరపు మిల్లీమీటరు అనుకుంటే, బొటనవేలి గోరంత చోట 90 కిలోలు మోపినంత ఒత్తిడి. మన 75 కిలోల ధాన్యం బస్తా, దాని మీద ఇంకో 15 కిలోలు! ఇది కదలకుండా నిలబడితే. పడితే ఇంకా ఎక్కువ. ఏ అట్టా దీన్ని ఆపలేదు. అందుకని అట్టను నాలుగు పొరలుగా మడిచి, కొన మీద జానెడు పొడవున ఒరలా తొడగండి. టేపు ఆ ఒరకే చుట్టండి, కత్తికి అంటించొద్దు. ఒర చివర ఒక చిన్న చెక్కముక్క పెడితే బరువు పెట్టె గోడంతా పరుచుకుంటుంది. పిడిని రెండు చోట్ల తాడుతో లోపలి అట్టకు కట్టేస్తే కత్తి ముందుకు జారదు.

మన దగ్గర పత్తికి కొదవ లేదు కదా, అదే చుట్టేద్దామనిపిస్తుంది. ఇనుప రేకు కత్తికి పత్తి తగలనివ్వకండి. అది గాలిలోని తేమను పట్టి ఉంచి తుప్పు తెప్పిస్తుంది. కుట్టుమిషను నూనె పలచగా రాసి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, ఆ పైన బబుల్ షీటు చుట్టండి. ఖాళీ సిమెంటు సంచిని పై కవరుగా కుట్టాలనుకుంటే తిరగేసి బాగా దులపండి, ఆ పొడి గీతలు పెడుతుంది.

ఇదే తెలుగు నేల ఒకప్పుడు కత్తులకు కావలసిన ఉక్కును పర్షియా దాకా పంపింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఉక్కు తయారీ గురించి భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వోయ్సీ రాసిన వివరణ 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అక్కడి నుంచి వెళ్లింది కత్తి కాదు, అరచేతిలో పట్టే ఉక్కు బిళ్ల. బిళ్లకు కొన లేదు, అంచు లేదు. కత్తి రూపం కొన్న చోటే వచ్చేది.

ఇక చట్టం మాట. ఇప్పటిదాకా చెప్పినదంతా పదును లేని చెక్క, రేకు, అల్యూమినియం నాటక కత్తుల గురించే. పదునున్న అసలు కత్తి 1959 ఆయుధాల చట్టం పరిధిలోకి వస్తుంది. ఆ చట్టం కింది నిబంధనల్లో కత్తులు, బాకులతో పాటు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగున్న అలాంటి ఆయుధాలున్నాయి. ఇంటి పనికి, సేద్యానికి చేసిన కత్తులు వీటిలోకి రావు. 9 అంగుళాలంటే సుమారు 23 సెంటీమీటర్లు. అలాంటిది అమ్మే ముందు పోలీసు స్టేషనులో అడగకుండా పార్సిలు కట్టొద్దు. నాటక కత్తినైనా ఎక్స్‌రేలో చూస్తే కత్తిలాగే కనిపిస్తుంది. అందుకే పెట్టె పైనా, కౌంటరులో ఇచ్చే కాగితంలోనూ ‘నాటక సామగ్రి, పదును లేదు’ అని రాయండి. పదును లేని వస్తువును కూడా ఆ కొరియర్ తీసుకుంటుందో లేదో ముందే కనుక్కోండి.

కట్టడం పూర్తయ్యాక పెట్టెను ఒకసారి పరీక్షించండి. 9.5 కిలోల లోపు పార్సిళ్లకు ప్యాకింగ్ పరిశ్రమలో వాడే ఒక పరీక్షలో 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 10 సార్లు పడేస్తారు: ఒక మూల మీద, మూడు అంచుల మీద, ఆరు ముఖాల మీద. 76 సెంటీమీటర్లంటే మీ భోజనాల బల్ల ఎత్తు. కింద పడ్డాక లోపల చప్పుడైతే విప్పి మళ్లీ కట్టండి. ఈ జాగ్రత్త కొత్తదేమీ కాదు. 1898 నాటి పోస్టాఫీసు చట్టం, సరైన రక్షణ లేని పదునైన వస్తువును పోస్టులో పంపకూడదని 19వ సెక్షనులో చెప్పింది. ఆ చట్టం పోయి 2024 జూన్ 18 నుంచి కొత్తది అమల్లోకి వచ్చింది. పార్సిళ్లు వేరుచేసే చోట రాత్రిపూట మీ పెట్టెను ఎత్తేది మాత్రం ఇప్పటికీ ఒక మనిషి చెయ్యే. టేపు చివరి చుట్టు వేసే ముందు కొన వైపు అరచేత్తో గట్టిగా నొక్కి చూడండి. మీ చేతికి ఏమీ తగలకపోతేనే కౌంటరుకు తీసుకెళ్లండి.