బురుండీలో శాంతి: పెద్దమనుషులు రాసిన లెక్క, దానికి కాపలా

ఆఫ్రికాలో శాంతి చర్చలంటే మన పత్రికల్లో వచ్చేది రెండు వాక్యాల వార్త. ఫలానా నగరంలో చర్చలు మొదలయ్యాయి, ఫలానా నగరంలో విఫలమయ్యాయి. ఆ చర్చలు నడిపేదెవరు, ఎలా నడుపుతారు, సంతకాలయ్యాక ఏమవుతుంది అన్నవి మన దాకా రావు. అందుకే ఈసారి ఒక్క దేశాన్ని తీసుకుని ఆ పనిని కాస్త దగ్గరగా చూద్దామనుకున్నాం. ఆ దేశం బురుండీ.

ఈ దేశాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. సంఖ్యలో తక్కువైనవాళ్లకు ఏ హామీ ఇస్తే ధైర్యం వస్తుంది, ఎక్కువైనవాళ్లకు అదే హామీ అన్యాయంగా కనబడకుండా ఎలా రాయాలి అన్నది అక్కడి మధ్యవర్తుల ముందున్న ప్రశ్న. సొంత రాష్ట్రం కాని చోట తరాలుగా ఉంటున్న మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. అయితే వాళ్ల కష్టానికీ మన కష్టానికీ పోలిక లేదని ముందే ఒప్పుకోవాలి. మనం తెలుగు బడి కోసం, టీచరు పోస్టు కోసం అర్జీలు పట్టుకుని తిరుగుతాం. అక్కడ పోయినవి ప్రాణాలు.

రువాండాకు దక్షిణాన, టాంగన్యీకా సరస్సు ఒడ్డున ఉన్న బురుండీ కేరళ కంటే చిన్న దేశం. జనాభాలో హుటూలు సుమారు 85 శాతం, టుట్సీలు 14 శాతం, ట్వాలు ఒక శాతం అని ఎప్పటినుంచో చెప్పుకునే లెక్క. ముగ్గురూ మాట్లాడేది ఒకే భాష, కిరుండీ. ఊళ్లు కూడా వేరు కావు, ఒకే కొండవాలు మీద పక్కపక్కనే ఇళ్లు. అక్కడ కొండే ఊరు. కొండకు కొందరు పెద్దలుంటారు, వాళ్లను బషింగంతహే అంటారు. గట్టు తగాదా, పశువుల తగాదా, మొగుడూ పెళ్లాల తగాదా వాళ్ల దగ్గరికి వస్తుంది. చేతికర్రతో నేల తట్టి తీర్పు చెప్పడం వాళ్ల పద్ధతి. మన రచ్చబండ లాంటిదే. హుటూలైనా టుట్సీలైనా మంచిపేరు ఉంటే ఆ వరసలో కూర్చునేవారు.

కొండ మీద కలిసి కూర్చోగలిగినవాళ్లు రాజధానిలో మాత్రం కూర్చోలేకపోయారు. 1962 జులై 1న బెల్జియం పాలన పోయింది. కొన్నేళ్లకే సైన్యం, దాంతోపాటు ప్రభుత్వం టుట్సీ అధికారుల చేతికి వచ్చాయి. 1972లో ఒక హుటూ తిరుగుబాటును అణిచే పేరుతో సైన్యం చదువుకున్న హుటూలను ఏరి ఏరి చంపింది. టీచర్లు, గుమాస్తాలు, విద్యార్థులు. మృతులు లక్షకు తక్కువ ఉండరని అంచనా. 1993 జూన్‌లో జరిగిన ఎన్నికల్లో మెల్కియోర్ ఎన్డడాయే గెలిచి మొదటి హుటూ అధ్యక్షుడయ్యారు. నాలుగు నెలలు తిరక్కముందే, అక్టోబర్ 21న, సైనికులు ఆయన్ను చంపేశారు. దాంతో పల్లెల్లో టుట్సీల మీద దాడులు, వాటికి సైన్యం ప్రతీకారం, ఆపైన అంతర్యుద్ధం. అందులో పోయినవారు దాదాపు మూడు లక్షలు.

మధ్యవర్తి పనిలో ఎక్కువ భాగం ఇరువైపుల భయాన్ని అర్థం చేసుకోవడమే. ఓటు వేసి గెలిచినా బతకనివ్వరని హుటూల భయం, దానికి రుజువు 1993. సైన్యం చేజారితే తమకు మిగిలేది ఏమీ ఉండదని టుట్సీల భయం, దానికి రుజువు 1994లో పక్కనే రువాండాలో టుట్సీల మీద జరిగిన మారణహోమం. ఇద్దరి భయమూ నిజమే. ఒకరి భయం పోగొట్టడానికి రాసే ప్రతి వాక్యమూ రెండోవాళ్ల భయాన్ని పెంచుతుంది.

ఈ చిక్కుముడి విప్పడానికి 1996లో ముందుకొచ్చినవారు పొరుగుదేశం టాంజానియా మాజీ అధ్యక్షుడు జూలియస్ నైరేరే. ఒకప్పుడు బడిపంతులు. ఆయన్ను జనం మ్వాలిము, అంటే పంతులుగారు అనే పిలిచేవారు. 1985లో తనంతట తాను పదవి దిగిపోయిన నాయకుడు కాబట్టి ఆ ప్రాంతంలో ఆయన మాటకు విలువ ఉండేది. ఆ ఏడాది జులైలోనే మేజర్ పియెర్ బుయోయా కుట్రతో అధికారం పట్టుకుంటే, చుట్టుపక్కల దేశాలు బురుండీ మీద ఆంక్షలు పెట్టాయి. సముద్రం లేని దేశం, సరుకు రావాలన్నా పోవాలన్నా పొరుగువాళ్ల దారినే. ఆంక్షల దెబ్బ గట్టిగానే తగిలింది. 1998 జూన్‌లో టాంజానియాలోని అరూషా పట్టణంలో చర్చలు మొదలయ్యాయి.

ఇక్కడ పొరుగువాడి మధ్యవర్తిత్వంలో ఉన్న బలమూ బలహీనతా రెండూ కనిపిస్తాయి. పొరుగువాడికి సంగతులన్నీ తెలుసు, దారి మూసేయగల శక్తి ఉంది. కానీ ఆ పొరుగిల్లే లక్షల మంది హుటూ శరణార్థులతో నిండి ఉంది. నైరేరే హుటూల పక్షమని టుట్సీ నాయకులు చివరిదాకా అనుమానించారు. ఇంకో లోపం కూడా జరిగింది. తుపాకులు పట్టుకుని అడవుల్లో అసలు యుద్ధం చేస్తున్న సీఎన్‌డీడీ-ఎఫ్‌డీడీ, ఎఫ్‌ఎన్‌ఎల్ దళాలు ఆ బల్ల దగ్గర లేవు. కూర్చున్న పక్షాలు మాత్రం 19. అందులో కొన్ని పార్టీలకు జనంలో బలం అంతంతమాత్రమే. 1999 అక్టోబర్ 14న నైరేరే చనిపోయారు. పని సగంలో ఉంది.

డిసెంబర్‌లో ఆ బాధ్యత నెల్సన్ మండేలాకు వచ్చింది. ఆయన పద్ధతి వేరు. నైరేరే ఓపికగా మాట్లాడిస్తే, మండేలా నాయకులను అందరి ముందూ మందలించారు. మీరు ఇక్కడ గడుపుతున్న ప్రతి రోజూ అక్కడ మీ జనం చస్తున్నారన్న ధోరణిలో మాట్లాడారు. హుటూ రైతులను సైన్యం తోలి ఉంచిన శిబిరాలు మూసేయాలని పట్టుబట్టారు. బుజుంబురా జైలుకు స్వయంగా వెళ్లి ఖైదీల స్థితి చూశారు. అడవుల్లో ఉన్న దళాలనూ పిలవాలన్నారు. ఆయన మాటను టుట్సీలు కొట్టిపారేయలేకపోవడానికి ఒక కారణం ఉందని మాకనిపిస్తుంది. అధికారం చేతిలో ఉన్న చిన్న వర్గం దాన్ని వదులుకోవడానికి ఎంత భయపడుతుందో దక్షిణాఫ్రికాలో బల్లకు అవతల కూర్చుని చూసిన మనిషి ఆయన. ఆ భయాన్ని వెక్కిరించలేదు, దానికి లొంగిపోనూ లేదు.

2000 ఆగస్టు 28న అరూషాలో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అమెరికా అధ్యక్షుడు క్లింటన్ కూడా వచ్చి కూర్చున్నారు. అయినా కొన్ని టుట్సీ పార్టీలు ఆ రోజు కలం పట్టలేదు, తర్వాతి వారాల్లో పట్టాయి. కాల్పుల విరమణ అందులో లేదు. మధ్యంతర ప్రభుత్వానికి పెద్ద ఎవరో కూడా తేలలేదు. ఇదేం ఒప్పందం అని నవ్వినవాళ్లు అప్పట్లో చాలామంది. కానీ అందులో వేసిన పునాది మీదే 2005 రాజ్యాంగం లేచింది, అది ప్రజాభిప్రాయ సేకరణలో నెగ్గింది.

ఆ లెక్కలు ఒకసారి చూడాలి. జాతీయ అసెంబ్లీలో 60 శాతం హుటూలు, 40 శాతం టుట్సీలు, పైన ముగ్గురు ట్వాలు. సెనేట్‌లో హుటూలు, టుట్సీలు సగం సగం, అక్కడా ముగ్గురు ట్వాలు. సైన్యంలో ఏ వర్గమూ సగానికి మించకూడదు. ఇద్దరు ఉపాధ్యక్షులు, ఒకరు ఇటు, ఒకరు అటు. చట్టం కావాలంటే మూడింట రెండు వంతుల మద్దతు. మహిళలకు కనీసం 30 శాతం. పార్టీ జాబితాలో వరసగా ముగ్గురి పేర్లు రాస్తే ముగ్గురూ ఒకే వర్గంవాళ్లు కాకూడదు. ఎన్నికల్లో లెక్క కుదరకపోతే బయటి నుంచి తీసుకుని కుదర్చాలి.

పక్కనే రువాండా దీనికి పూర్తిగా వ్యతిరేక దారి పట్టింది. గుర్తింపు కార్డుల్లోంచి హుటూ, టుట్సీ అన్న మాటలే తీసేసింది. బురుండీ ఆ మాటలను రాజ్యాంగంలోకి ఎక్కించింది. ఏది మేలన్నది పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. పేరు చెప్పనివ్వకపోతే లెక్క అడిగే దారీ ఉండదు కాబట్టి మా మొగ్గు బురుండీ వైపే.

అయితే ఈ లెక్కలో ఒక కిటుకు ఉంది. 40 శాతం టుట్సీలు ఏ పార్టీ నుంచి రావాలి? టుట్సీ పార్టీలు తమ నుంచే రావాలన్నాయి. ఏ పార్టీలోని టుట్సీ అయినా సరిపోతుందని ఖాయమైంది. దీనివల్ల ఒక మేలు జరిగింది. హుటూ దళంగా పుట్టిన సీఎన్‌డీడీ-ఎఫ్‌డీడీ కూడా టుట్సీలను వెతికి మరీ చేర్చుకోవాల్సి వచ్చింది. ఒక నష్టమూ జరిగింది. కుర్చీలో టుట్సీ ఉంటాడు, కానీ ఆయన మాట పార్టీ మాట. అంకె నిండుతుంది, గొంతు వినబడుతుందన్న హామీ లేదు. మన ఊళ్లలో కమిటీల్లో తెలుగువాడికంటూ ఒక కుర్చీ వేసి, ఆయనతో ఒక్క మాటా మాట్లాడించని సందర్భాలు చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు.

లెక్క రాయడం ఒక పని, దానికి కాపలా ఉండటం ఇంకో పని. మన రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350బి అధికరణం భాషా అల్పసంఖ్యాకుల రక్షణలు ఎలా అమలవుతున్నాయో చూసి రాష్ట్రపతికి నివేదిక ఇవ్వడానికి ఒక ప్రత్యేక అధికారిని పెట్టింది. నివేదిక ఇవ్వగలడే తప్ప ఎవరినీ ఆజ్ఞాపించలేడు. బురుండీలో మొదట్లో కాపలా అంతకంటే గట్టిది. ప్రవాసం నుంచి తిరిగొచ్చే నాయకుల ప్రాణాలకు భద్రతగా 2001లో దక్షిణాఫ్రికా తన సైనికులను పంపింది. 36 నెలల మధ్యంతర పాలనలో మొదటి 18 నెలలు బుయోయా, తర్వాత 18 నెలలు ఒక హుటూ నాయకుడు అన్నారు. 2003 ఏప్రిల్ 30న బుయోయా నిజంగానే దిగిపోయారు. ఆ ఏడాదే ఆఫ్రికన్ యూనియన్ తన మొట్టమొదటి శాంతిదళాన్ని బురుండీకి పంపింది, అందులో దక్షిణాఫ్రికా, ఇథియోపియా, మొజాంబిక్ సైనికులున్నారు. మండేలా తర్వాత పని అందుకున్న జాకబ్ జుమా అడవుల్లోని పెద్ద దళాన్ని నవంబర్ 2003 నాటికి ఒప్పందంలోకి తెచ్చారు. చంపినవాడూ, తప్పించుకున్నవాడూ ఒకే బ్యారక్‌లో పడుకోవాల్సిన సైన్యం తయారైంది. 2005లో అధ్యక్షుడైన పియెర్ ఎన్కురుంజిజా తండ్రి 1972 హత్యాకాండలో పోయినవాడు.

ఆ ఎన్కురుంజిజాయే 2015 ఏప్రిల్‌లో మూడోసారి పోటీకి దిగారు. అరూషా రెండుసార్లే అంది. మొదటిసారి తనను పార్లమెంటు ఎన్నుకుంది గనుక అది లెక్కలోకి రాదన్నది ఆయన వాదన. జనం వీధుల్లోకి వచ్చారు, మే నెలలో ఒక సైనిక కుట్ర విఫలమైంది, తర్వాత మూడు లక్షలకు పైగా జనం దేశం విడిచారు. ఇంత జరిగినా ఇది హుటూ, టుట్సీ యుద్ధంగా మారలేదు. నిరసనల్లో ఇద్దరూ ఉన్నారు, కుట్ర నడిపిన జనరల్ కూడా హుటూయే. అరూషా లెక్కలు చేసిన మేలు అక్కడ కనిపించింది.

కాపలా మాత్రం ఈసారి నిలబడలేదు. ఐదు వేల మంది సైనికులను పంపుతామని 2015 డిసెంబర్‌లో ఆఫ్రికన్ యూనియన్ భద్రతా మండలి అంది. వస్తే దండయాత్రగా చూస్తామని బుజుంబురా అంది. జనవరి శిఖరాగ్ర సమావేశంలో దేశాధినేతలు వెనక్కి తగ్గారు. తమ దాకా వస్తే ఏమిటన్న ఆలోచన అక్కడ కూర్చున్న చాలామందికి ఉండే ఉంటుంది. తూర్పు ఆఫ్రికా దేశాల తరఫున చర్చలు నడపడానికి 2016 మార్చిలో టాంజానియా మాజీ అధ్యక్షుడు బెంజమిన్ ఎంకాపాను పెట్టారు.

ఎంకాపా చేతగానివాడు కాదు. 2007 చివరి ఎన్నికల తర్వాత కెన్యాలో వెయ్యికి పైగా జనం చచ్చినప్పుడు కోఫీ అన్నన్, గ్రాసా మాచెల్‌తో పాటు రాజీ కుదిర్చిన ముగ్గురిలో ఆయనొకరు. అక్కడ ఆరు వారాలు తిరక్కుండా, 2008 ఫిబ్రవరి 28న కిబాకీ, ఒడింగా సంతకాలు పెట్టారు. అదే మనిషి బురుండీలో దాదాపు మూడేళ్లు తిరిగినా ప్రభుత్వాన్నీ ప్రవాస ప్రతిపక్షాన్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టలేకపోయారు. కుట్రదారులతో మాట్లాడేది లేదని ప్రభుత్వం భీష్మించింది. కెన్యాలో ఇద్దరికీ రాజీ అవసరం, ఎవరూ ఒంటరిగా ఏలలేని స్థితి, పొరుగు దేశాలన్నీ ఒకే మాట మీద ఉన్నాయి. బురుండీలో ఒక పక్షానికి రాజీ అవసరమే లేదు, పొరుగువాళ్లు తలో మాట. మధ్యవర్తి ఎంత పెద్దవాడైనా అవసరాన్ని పుట్టించలేడు.

2018 మేలో కొత్త రాజ్యాంగానికి ఓటింగ్ జరిగింది. అధ్యక్ష పదవీకాలం ఏడేళ్లయింది. వర్గానికొకరుగా ఉన్న ఇద్దరు ఉపాధ్యక్షుల స్థానంలో ఒకరు మిగిలారు. చట్టాలకు మూడింట రెండు వంతుల మద్దతు అవసరం లేదు, మామూలు మెజారిటీ చాలు. 60, 40 లెక్కలు మాత్రం ఉంచారు. అయితే వాటిని కొనసాగించాలా, ఎత్తేయాలా అన్నది ఐదేళ్లలోపు సెనేట్ తేల్చాలని ఒక నిబంధన చేర్చారు. ఆ సమీక్షను 2023లో మొదలుపెట్టారు.

అరూషాలో కూర్చున్న ఆ 19 పక్షాల్లో ట్వాలకంటూ ఒక్క పార్టీ లేదు. అసెంబ్లీలో మూడు, సెనేట్‌లో మూడు కుర్చీలు వాళ్లకు వచ్చాయి. మంత్రివర్గంలో, సైన్యంలో వాళ్లకని ఒక్క అంకె కూడా ఎవరూ రాయలేదు.