బలం డబ్బాలో లేదు

ముత్యంపేట, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఈ దృశ్యం మనకు కొత్త కాదు. గల్ఫ్ నుంచి అబ్బా పంపిన డబ్బుతో కొడుకు ప్రోటీన్ పొడి డబ్బా తెచ్చుకుంటాడు. ఒళ్లో చాట పెట్టుకుని రోజంతా బీడీలు చుట్టిన అమ్మీ మాత్రం గోడ పట్టుకుని లేస్తుంది. బలం ఎవరికి ఎక్కువ అవసరం?

వయసు పైబడేకొద్దీ కండ తరుగుతుంది. దాన్ని నిలిపేది కండకు పని చెప్పడమే. వారానికి కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. దానికి జిమ్ అక్కరలేదు. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం, గోడను నెట్టడం, నీళ్ల సీసాలు ఎత్తడంతో మొదలుపెట్టవచ్చు. తేలికనిపించాక భారం కొద్దికొద్దిగా పెంచాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి.

ఇక తిండి సంగతి. 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో 6 గ్రాములు, వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల దాకా ఉంటాయి. కండ పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది.

శరీరం అల్లాహ్ ఇచ్చిన అమానత్. అమ్మీ శరీరమూ అంతే. నౌజవానులారా! దస్తర్‌ఖాన్ మీద ఆమె వంతు గుడ్డు ఆమెకే దక్కనివ్వండి. ఈ జుమా సాయంత్రమే కుర్చీ వేసి, పక్కన నిలబడి నేర్పండి.