నాలుగు పోస్టుకార్డుల మీద పరుగు

వాన వెలిసిన తరువాత సైకిలు మీద వస్తూ ఎప్పుడైనా జారిపడ్డారా? మా వీధి మలుపులో నేనొకసారి పడ్డాను. బ్రేకు కొత్తది. గట్టిగానే పట్టింది. చక్రం తిరగడం ఆగిపోయింది, సైకిలు మాత్రం ఆగలేదు! లేచి చూస్తే వెనుక టైరు అరిగి నున్నబడి ఉంది. బ్రేకు ఆపేది చక్రాన్ని మాత్రమే. సైకిలును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే ఘర్షణ.

ఈ నియమం సైకిలుకు ఎంత వర్తిస్తుందో, ప్రపంచంలోని మహావేగమైన కార్లకూ అంతే వర్తిస్తుంది. అటువంటి కారునొకదాన్ని తీసుకుని, దానికి ఎటువంటి టైర్లు ఎన్నుకోవాలో ఆలోచిద్దాం.

జర్మనీకి చెందిన పోర్షే కంపెనీ 2013లో జెనీవా ప్రదర్శనలో 911 జీటీ3 అనే కారును కొత్త రూపంలో చూపించింది. దాని ఇంజను సామర్థ్యం 475 అశ్వసామర్థ్యాలు. కారు ద్రవ్యరాశి 1430 కిలోగ్రాములు. గరిష్ఠ వేగం గంటకు 315 కిలోమీటర్లు. నిలిచి ఉన్న కారు 3.5 సెకన్లలో గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది. ఇది పందెపు బాట మీదా పరుగెత్తగలదు, మామూలు రోడ్డు మీదా తిరగగలదు.

ఇంజను ఒక్కటే చాలదు

ఇప్పుడొక చిన్న లెక్క చేద్దాం. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు 27.8 మీటర్లు. ఆ వేగంతో పోయే 1430 కిలోగ్రాముల కారుకు గతిజశక్తి ఎంత? ద్రవ్యరాశిని వేగవర్గంతో గుణించి సగం చేస్తే సుమారు 5,52,000 జౌళ్ళు వస్తుంది. 475 అశ్వసామర్థ్యాలంటే దాదాపు 3,49,000 వాట్లు. అంటే ఇంజను తన పూర్తి సామర్థ్యంతో పనిచేస్తే ఆ శక్తిని 1.6 సెకన్లలో ఇవ్వగలదు. మరి కారుకు 3.5 సెకన్లు ఎందుకు పడుతున్నది?

గేర్లు మార్చడంలోనూ, గాలి నిరోధంలోనూ కొంత పోతుంది, నిజమే. కాని ముఖ్య కారణం వేరే ఉంది. 1.6 సెకన్లలో ఆ వేగం రావాలంటే త్వరణం 17 మీటర్లు దాటాలి. ఇది గురుత్వ త్వరణానికి రెట్టింపుకు కొంచెమే తక్కువ. పొడి రోడ్డు మీద మంచి టైరుకు ఘర్షణ గుణకం సుమారు 1 అనుకుంటే, నాలుగు చక్రాలూ కలిసి తోసినా త్వరణం 9.8కి మించదు. ఈ కారులో తోసేవి వెనుక చక్రాలు రెండే. అందుకని ఇంజను ఎంత బలమైనదైనా టైరు ఒప్పుకున్నంతే కారు ముందుకు పోతుంది. మిగిలిన బలం చక్రాన్ని ఉన్నచోటనే గిర్రున తిప్పి పొగ లేపుతుంది.

టైరు ఆనే చోటు ఎంత?

టైరు రోడ్డును ఎంత మేర తాకుతుందో తెలుసునా? డ్రైవరుతో కలిసి కారు 1500 కిలోలు ఉన్నదనుకుందాం. టైరులో గాలి పీడనం వాతావరణ పీడనం కన్న 2.2 రెట్లు ఎక్కువ అనుకుందాం. బరువును పీడనంతో భాగిస్తే నాలుగు టైర్లూ కలిసి ఆనే వైశాల్యం సుమారు 670 చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క టైరుకు 170 కూడా లేదు. పోస్టుకార్డు కన్న కొంచెం పెద్దది, అంతే! వేగం పెంచడం, మలుపు తిరగడం, ఆగడం అన్నీ ఈ నాలుగు కార్డుల మీదనే జరగాలి.

“వెడల్పు టైరు వేస్తే ఎక్కువ చోటు ఆనుతుంది కదా?” అని మీరు అడగవచ్చు. బరువూ పీడనమూ మారకపోతే వైశాల్యం పెద్దగా మారదు. ఆకారం మారుతుంది. పొడుగ్గా, సన్నగా ఉండే చోటు పొట్టిగా, వెడల్పుగా అవుతుంది. మలుపుల్లో ఈ ఆకారం మేలు చేస్తుంది. ఈ కారు ఇంజను వెనుక ఉంటుంది కనుక బరువు వెనుకనే ఎక్కువ. అందుకే ముందు టైర్ల వెడల్పు 245 మిల్లీమీటర్లు కాగా, వెనుక వాటిది 305.

మెత్తనిదా, గట్టిదా?

రబ్బరు ఇటుక వంటిది కాదు. రోడ్డు మీది గరుకులోకి దిగి, సాగి, మళ్ళీ తన ఆకారానికి వస్తుంది. దాని అణువులు రోడ్డును అంటిపెట్టుకుంటాయి కూడా. మెత్తని రబ్బరు పట్టు ఎక్కువ, కాని త్వరగా అరుగుతుంది. అమెరికా నిబంధనల ప్రకారం టైరు పక్కన అరుగుదల సంఖ్య ముద్రిస్తారు. ప్రామాణిక టైరుకు 100 అనుకుంటే, 300 ఉన్న టైరు నిర్ణీత పరీక్షలో మూడు రెట్లు ఎక్కువ మన్నుతుందన్నమాట. పందెపు బాట కోసం చేసిన టైర్లకు ఈ సంఖ్య తక్కువగా ఉంటుంది.

వేడి సంగతి కూడా ఉంది. పందెపు టైరు బాగా వేడెక్కితేనే పూర్తి పట్టు చూపుతుంది. ఉదయాన్నే ఇంటి నుంచి బయలుదేరిన కారు టైర్లు చల్లగా ఉంటాయి. చలి దేశాల్లో ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కన్న తగ్గితే, వేసవి టైర్ల రబ్బరు బిరుసెక్కి పట్టు తగ్గుతుందని డ్రైవర్లకు హెచ్చరిక చేస్తారు. చలికాలపు టైర్ల రబ్బరు మిశ్రమం వేరు. అది చలిలో కూడా మెత్తగానే ఉంటుంది. మంచు కప్పిన రోడ్డు మీద తగిన టైర్లు లేకుండా నడపడం జర్మనీలో చట్టవిరుద్ధం. మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు ఉన్న గుర్తు అటువంటి టైరు పక్కన కనిపిస్తుంది. 2024 అక్టోబరు నుంచి ఆ గుర్తు ఉన్నవే అక్కడ చెల్లుతున్నాయి.

గాడులు ఎందుకు?

పొడి రోడ్డు మీద గాడులు లేని నున్నని టైరు గొప్పగా పనిచేస్తుంది. పందెపు కార్లకు అవే వేస్తారు. వాన పడితే కథ మారుతుంది. రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీరుందనుకోండి. 305 మిల్లీమీటర్ల వెడల్పు టైరు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతే, సెకనుకు 20 లీటర్ల నీటిని తప్పించాలి. పెద్ద బిందెడు నీళ్ళు, ఒక్క సెకనులో, ఒక్క టైరు! ఆ నీరు పోయే దారులే గాడులు. అవి చాలకపోతే టైరు నీటి మీద తేలిపోతుంది. అప్పుడు స్టీరింగూ పనిచేయదు, బ్రేకూ పనిచేయదు. టైరు వెడల్పయ్యే కొద్దీ ఈ ప్రమాదం ఎక్కువ.

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు, బ్రేకు వేశాక ఎంత దూరంలో ఆగుతుంది? వేగవర్గాన్ని, ఘర్షణ గుణకం, గురుత్వ త్వరణాల లబ్ధానికి రెట్టింపుతో భాగించాలి. ఘర్షణ గుణకం 1 అయితే 39 మీటర్లు. తడి రోడ్డు మీద 0.7 అయితే 56 మీటర్లు. అదే తడిలో టైరు అరిగి గుణకం 0.4కు పడిపోతే 98 మీటర్లు. ఈ సూత్రంలో కారు ద్రవ్యరాశి లేదు, ఇంజను సామర్థ్యమూ లేదు. చివరి రెండు దూరాల మధ్య తేడా 42 మీటర్లు. ఆ 42 మీటర్లలో ఒక పిల్లవాడు రోడ్డు దాటుతూ ఉండవచ్చు.

మరి ఏది ఎన్నుకోవాలి?

ముందు టైరు పక్కన రాసినది చదవాలి. “305/30 ఆర్ 20 (103 వై)” అని ఉందనుకోండి. 305 వెడల్పు, మిల్లీమీటర్లలో. పక్కగోడ ఎత్తు అందులో నూటికి 30 వంతులు. “ఆర్” అంటే రేడియల్ నిర్మాణం. 20 అంటే చక్రం వ్యాసం, అంగుళాలలో. 103 అంటే ఒక్క టైరు 875 కిలోలు మోయగలదు. “వై” 300 కిలోమీటర్ల వేగానికి గుర్తు. బ్రాకెట్లుంటే అంతకు మించిన వేగానికీ తగినదని అర్థం. ఈ సంఖ్యలు కారు తయారీదారు చెప్పినవాటితో సరిపోవాలి.

తరువాత కారు యజమాని తనను తాను నిజాయితీగా ప్రశ్నించుకోవాలి. పందెపు బాట మీదికి తరచు వెళతాడా? అయితే గాడులు తక్కువ ఉన్న మెత్తని టైర్లు వేసుకోవచ్చు, వానలో వేగం బాగా తగ్గించాలి. రోజూ ఊళ్ళో తిరుగుతాడా? అయితే లోతైన గాడులున్న రోడ్డు టైర్లే మేలు. పందెంలో ఒకటి రెండు సెకన్లు వెనకబడితే వచ్చే నష్టమేమీ లేదు. మంచులో ప్రయాణమా? చలికాలపు టైర్లు తప్పవు. ఎండకూ, వానకూ, మంచుకూ, పందేనికీ అన్నిటికీ ఉత్తమమైన టైరు ఒక్కటీ లేదు. ఒకచోట లాభం కావాలంటే మరొకచోట వదులుకోవాలి.

ఇక మీరు చేయదగిన ప్రయోగం. సైకిలు టైరుకు ఒకచోట తడి బొగ్గుపొడి పూయండి. ఆ భాగం కింద గళ్ళ కాగితం పరిచి, మిత్రుడిని సైకిలు మీద కూర్చోబెట్టి, పడిపోకుండా పట్టుకోండి. కాగితం మీద పడిన ముద్రలో ఎన్ని గళ్ళున్నాయో లెక్కపెట్టండి. తరువాత కొంచెం గాలి తీసి మళ్ళీ చేయండి. రెండు ముద్రలూ పోల్చి, ఏది పెద్దదో, ఎందుకో రాయండి. పనిలో పనిగా టైరు మీద గాడులు మిగిలి ఉన్నాయో లేదో కూడా చూడండి. నేను చూసుకోలేదు, అందుకే పడ్డాను.