ఒకే చేలో వేసి చూడాలి

ఆళ్లగడ్డ నుంచి ఒక తల్లీ కూతురూ బస్సెక్కి నంద్యాల వచ్చారు. కూతురు డిగ్రీ చదువుతోంది. ఆ పిల్లకు కంప్యూటర్ కావాలి. తల్లి పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. కూలి డబ్బుతో తీర్చాలి.

అంగట్లో రెండు కంప్యూటర్లు చూశారు. ఒకటి కొత్తది. ఇంకొకటి వాడినది, సగం ధర.

"పాతదానికంటే కొత్తది రెండింతలు వేగం అమ్మా" అన్నాడు అంగడి అబ్బాయి. రెండూ నడిపి చూపించాడు. కొత్తదే ముందు ముగించింది.

"నాయనా, రెండిటికీ అన్నీ సమానంగా ఉండాయా?" అని తల్లి అడిగింది.

శనగ విత్తనం కొనేటప్పుడూ ఆమె ఇట్లే అడుగుతుంది. నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. 1906లో మొదలైంది. అక్కడ కొత్త శనగ రకాన్ని ఒక్కదాన్నే వేసి బాగుందనరు. పక్కనే రైతులకు తెలిసిన పాత రకం వేస్తారు. జేజీ-11 అట్లాంటిదే. ఒకే నేల, ఒకే ఎరువు, ఒకే రోజు విత్తడం. ఒక్క మడిలో కాదు, చాలా మళ్లలో వేస్తారు. కొన్నేళ్లు చూస్తారు. పాత రకాన్ని చవుడులో, కొత్త రకాన్ని నల్లరేగడిలో వేస్తే గెలిచేది నేలే కదా!

కంప్యూటర్‌లో లెక్కలు చేసే బిళ్లను ప్రాసెసర్ అంటారు. కొన్నేళ్లకొకసారి కొత్త తరం బిళ్ల వస్తుంది. పాతదానికీ కొత్తదానికీ ఒకే పని ఇచ్చి, ఎంతసేపు పట్టిందో చూస్తారు. ఈ పరీక్ష పేరు బెంచ్‌మార్క్. అప్పుడు మెమరీ, డిస్కు, లోపల నడిచే ప్రోగ్రాం రెండిట్లోనూ ఒకటే ఉండాలి. మెమరీ చాలక పాతది నెమ్మదిస్తే, ఆ తప్పు బిళ్లది కాదు.

ఇంకో చిక్కుంది. కొత్తదానికి బాగా వచ్చే పనే ఇస్తే?

2000లో ఇంటెల్ కంపెనీ పెంటియం-4 అనే బిళ్ల తెచ్చింది. అమెరికాలో కొన్నవాళ్లు కోర్టుకు పోయారు. పెంటియం-3 కంటే ఇది మేలని కనబడేట్లు పరీక్షలనే మలిచారని వాళ్ల ఫిర్యాదు. కంపెనీ కాదంది. అయినా 2014లో రాజీకొచ్చింది. కొన్నవాళ్లకు 15 డాలర్ల చొప్పున ఇస్తామంది. అన్నేళ్లు తిరిగితే అంతే!

నంద్యాల అంగట్లో పాత కంప్యూటర్‌కు మెమరీ సగమే ఉంది. అబ్బాయి ఇంకో ముక్క పెట్టి సమానం చేశాడు. కూతురు తన పనులే చేసి చూసింది. ఉత్తరం టైపు చేసింది. దరఖాస్తు నింపింది. పాఠం వీడియో పెట్టింది. ఈసారీ కొత్తదే ముందుంది. కానీ కొంచెమే.

"ఆ కొంచానికి ఎంత ఎక్కువ ఇయ్యాల నాయనా?" అని అడిగింది తల్లి.