విద్యుత్తునకు జమాఖర్చు

ఒక పుష్యమాసపు సాయంకాలమున మా యింటి చేపలతొట్టి గోడలకు పట్టిన నాచును తుడుచుటకై చేయి ముంచితిని. ఉదయమున కూరగాయలు తరుగుచు కోసికొన్న చూపుడువ్రేలి గాయముపై చీమ కుట్టినట్లు చుఱుక్కుమనెను. ఉప్పునీరు తగిలినదనుకొందమన్న అది మంచినీటి తొట్టి. చేయి తీసి మరల పెట్టితిని, మరల చుఱుక్కుమనెను. చెప్పులు తొడిగికొని పెట్టినప్పుడు ఏమియు లేదు. చెప్పులు విడిచి వట్టికాళ్లతో బండలపై నిలిచి పెట్టినప్పుడు మాత్రము మరల అదే బాధ. అట్లు పరీక్షించుట ప్రాణాంతకమని నాటికి నాకు తెలియదు. తుదకు టెస్టరు తెచ్చి దాని మొనను నీటికి తాకింపగా, లోపలి చిన్నదీపము నారింజరంగున వెలిగెను. ఆ నీటిలోనే మా ఏంజెల్ చేపలు రెండును తోకలాడించుచు, అంతకుముందే చల్లిన మేతను నిశ్చింతగా వెదకికొనుచుండెను.

ప్లగ్గు ఊడదీసి, హీటరును పైకి తీసి, దీపమున కెదురుగా త్రిప్పి చూడగా, గాజుగొట్టము అడుగున వెండ్రుకవంటి చీలిక యొకటి కనబడెను. నీరు మార్చునపుడు నేను ప్లగ్గు తీయుట మానివేసితిని, మట్టము తగ్గి గాలిలో బయటపడిన వేడిగొట్టముపై చన్నీళ్లు కుమ్మరించితిని, గాజు పగిలినది. ఆ చీలిక గుండ నీరు మెల్లగా లోనికి దిగి, గొట్టములోని నిక్రోము తీగను చేరినది. నీటిలో మునిగియుండు పంపు కథయు ఇట్టిదే. దానిలో తిరుగునది అయస్కాంతము. అది నీటిలోనే తిరుగును. దానిని త్రిప్పు తీగచుట్ట మాత్రము గట్టిపడిన రెసిన్ ముద్దలో పూడ్చబడి యుండును. ఆ ముద్ద పగుళ్లిచ్చిననాడు 230 వోల్టుల విద్యుత్తునకును, మన చేతికిని నడుమ మిగులునది నీరే.

చేపలకేల షాకు తగులలేదను ప్రశ్న నన్ను చాలదినములు వేధించెను. సమాధానము కరెంటుతీగపై వ్రాలిన కాకిని చూచినవారికెల్ల తెలిసినదే. విద్యుత్తు ప్రవహించుటకు పోవలసిన దారి యుండవలెను. గాజుతొట్టి, దాని క్రింద కొయ్యబల్ల, రెండును విద్యుత్తును పోనీయనివి; కావున నీరంతయు దాదాపు ఒకే మట్టమునకు విద్యుదావిష్టమై నిలిచిపోవును; ఆ నీటిలోని చేపకు తలయొద్దను తోకయొద్దను భేదము లేదు. దారి యేర్పరచువాడు మనుష్యుడు. అతని చేయి నీటిలోను, కాలు నేలపైనను ఉండును. చేపలు బ్రతికియున్నవి గనుక నీటిలో కరెంటు లేదని నమ్మువారిని నేను పలువురిని చూచితిని. ఆ నమ్మకమున కాధారమే లేదు.

ఇక ఫ్యూజు ఏల కాలలేదు? అది మన కొఱకు పుట్టినది కాదు గనుక. ఫ్యూజును, నేడు దాని స్థానమున నిలిచిన ఎం.సి.బి.యును, తీగ మితిమీరి వేడెక్కి ఇల్లు తగులబడకుండ చూచుటకై పుట్టినవి. తడిసిన మానవదేహము విద్యుత్తునకు చూపు నిరోధము స్థూలముగా వేయి ఓములనుకొన్నచో, 230 వోల్టుల యొద్ద అతని గుండ పోవునది 0.23 ఆంపియరు మాత్రమే. నూరువాట్ల హీటరు తన పనికై వాడుకొనునది 0.43 ఆంపియరు. అనగా మరణించుచున్న మనుష్యుడు, ఫ్యూజు దృష్టిలో, సగము హీటరునకు కొంచెము మించినవాడు, అంతే! అయిదు ఆంపియర్ల ఫ్యూజునకు అది ఇరువదవవంతు బరువైనను కాదు.

ఈ లోపమును తీర్చుటకు వెలసిన యంత్రము ఊహ యెంత సులభమో, దానిని సాధించుట అంత కష్టమైనది. దుకాణదారుడు సాయంకాలము జమాఖర్చులు చూచుకొన్నట్లు, పోయిన విద్యుత్తు ఎంత, తిరిగి వచ్చిన విద్యుత్తు ఎంత యని లెక్కించుటయే దాని పని. ఇంటిలోనికి వచ్చు ఫేజు తీగను, న్యూట్రలు తీగను కలిపి ఒక లోహపు టుంగరము గుండ దూర్తురు. పోవు ప్రవాహము ఉంగరమున పుట్టించు అయస్కాంతత్వమును, తిరిగి వచ్చు ప్రవాహము అణువంతయు మిగులకుండ తుడిచివేయును. పోయినదానిలో కొంత తిరిగిరాక, ఒక మనుష్యుని చేతినుండి నేలలోనికి దిగిపోయినచో, ఆ తేడామేరకు అయస్కాంతత్వము ఉంగరమున మిగిలిపోవును. ఉంగరముపై చుట్టిన వేఱొక సన్నని తీగలో అది అల్పమైన విద్యుత్తును పుట్టించును, ఆ విద్యుత్తు, స్థిరాయస్కాంతము పట్టి నిలిపిన చిన్న మీటను విడిపించును, స్ప్రింగు లాగివేయును, రెండు తీగలును తెగిపోవును.

ఈ జమాఖర్చుల పద్ధతికి పూర్వము వేఱొక పద్ధతి యుండెను. ఉపకరణపు లోహపు తొడుగునకును భూమికిని నడుమ ఒక తీగచుట్ట నుంచి, తొడుగుపై వోల్టేజి పెరిగినపుడు సరఫరా త్రెంచుట దాని విధానము. మన యెలక్ట్రీషియన్లు నేటికిని సర్వసాధారణముగ వాడు ఇ.ఎల్.సి.బి. అను పేరు ఆ పాతదానినుండి సంక్రమించినదే. లోహపు తొడుగు లేని గాజుతొట్టికి అది ఏమియు చేయజాలదు.

జమాఖర్చుల యంత్రమునకు చురుకుదనము నేర్పినది దక్షిణాఫ్రికాలోని బంగారుగనులు. అచ్చట 525 వోల్టుల సరఫరాపై పనిచేయు కార్మికుల ప్రాణములు విద్యుద్ఘాతములకు లోనగుచుండెను. అంతవరకు నున్న ఉంగరపు యంత్రములు పది ఆంపియర్ల పాటి లీకును గాని గుర్తింపజాలకుండెను. హెన్రీ రూబిన్ అను ఇంజనీరు 1955లో దానిని 250 మిల్లీ ఆంపియర్లకు తెచ్చెను. మరుసటి యేట అయస్కాంత వర్ధకమను క్రొత్త ఉపాయముతో 12.5 నుండి 17.5 మిల్లీ ఆంపియర్ల మధ్యకు దించెను. ఆ కాలముననే, 1957లో, ఆస్ట్రియాలో గాట్‌ఫ్రీడ్ బీగెల్‌మైయర్ ఇట్టి రక్షణయంత్రమును రూపొందించెను. మానవదేహ నిరోధమును తెలిసికొనుటకు ఆయన తన దేహముపైననే విద్యుత్తును ప్రసరింపజేసికొనెను.

అయితే ఎంత లీకు ప్రమాదకరమను ప్రశ్నకు అంకెలతో సమాధానము చెప్పినవారిలో అగ్రగణ్యుడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ఆచార్యుడు చార్లెస్ డాల్జియెల్. ఆయన స్వచ్ఛందముగ ముందుకు వచ్చిన 134 మంది పురుషులను, 28 మంది స్త్రీలను పిలిచి, వారి చేతికి విద్యుత్తు పారు తీగ నిచ్చి, ప్రవాహమును కొంచెము కొంచెముగా పెంచుచు, ఏ యంకెవద్ద వారు దానిని విడువజాలకపోవుదురో వ్రాసికొనెను. పురుషులకు సగటున 16, స్త్రీలకు 10.5 మిల్లీ ఆంపియర్లు. మనవారు షాకు తగిలినవానిని గూర్చి "కరెంటు పట్టుకొన్నది" అందురు. నిజమునకు పట్టుకొనునది కరెంటు కాదు, అతని చేతి కండరములే. సెకనుకు నూరుమారులు దిశ మార్చు ప్రవాహము ముడిచిన వ్రేళ్లను తెఱవనీయదు. తొట్టిలోని పగిలిన హీటరును పిడికిట పట్టినవాని స్థితి యిది. అంతకుమించిన ప్రవాహము ఱొమ్ము గుండ పోయినచో గుండె లయ తప్పి, కొట్టుకొనుటకు మారుగా వణకనారంభించును.

డాల్జియెల్ 1961లో ట్రాన్సిస్టరులతో అయిదు మిల్లీ ఆంపియర్లకే స్పందించు యంత్రమును నిర్మించెను. 1965లో దానికి పేటెంటు లభించెను. అమెరికా విద్యుత్ నియమావళి దానిని మొదట ఈతకొలనులకును, 1975లో స్నానపుగదులకును విధించెను. నీరున్న చోటికే అది ముందుగా వెళ్లుట గమనింపదగినది. చేతిపట్టు విడువగలుగుటను అమెరికావారు హద్దుగా గైకొనగా, మనదేశముతో సహా పెక్కుదేశములు గుండెను కాపాడుటను హద్దుగా నెంచి 30 మిల్లీ ఆంపియర్లను స్వీకరించినవి. మన ఇండ్లలో ఆర్.సి.సి.బి. అను పేరుతో వచ్చు యంత్రములు ఐ.ఎస్. 12640 అను భారతీయ ప్రమాణమున కొదిగి యుండవలెను. అట్టిది 150 మిల్లీ ఆంపియర్ల లీకును 0.04 సెకనులో త్రెంపవలెను. అనగా గుండె ఒక్కమారు కొట్టుకొను కాలములో ఇరువదవవంతు. షాకు తగులకపోదు, తగులును, బాధించును, కాని మనిషి మిగులును.

దీని పరిమితులను దాచిపెట్టుట పాఠకునకు ద్రోహము చేయుట. ఒకచేత ఫేజును, వేఱొకచేత న్యూట్రలును పట్టి, నేలనుండి వేఱుపడి నిలిచినవాని విషయమున జమాఖర్చులు సరిపోవును, యంత్రము కదలదు. మఱియు, కొయ్యబల్లపైని తొట్టిలో హీటరు పగిలినను, నేలకు దారి లేనంతవరకు లీకు లేదు గనుక అది మిన్నకుండును. ఆ దారి చూపువరకు, అనగా మన చేయి పడువరకు, ఆగును. ఇందుకే సముద్రపునీటి తొట్లు పెట్టువారు కొందఱు టైటానియము కడ్డీ నొకదానిని నీటిలో దించి ఎర్తు తీగకు కలిపెదరు. ఆర్.సి.సి.బి. ఉన్న ఇంట ఇది మేలైన పద్ధతి; మన చేయి పడకముందే లీకునకు దారి దొరకి సరఫరా తెగును. ఆర్.సి.సి.బి. లేని ఇంట కడ్డీ యొక్కటే పెట్టుట నాకు సమ్మతము కాదు. అప్పుడు లీకు ఆగక పారుచునే యుండును, చేపలును ఆ దారిలో చిక్కుకొనును.

కొన్ని పనులకు యంత్రమే అక్కఱలేదు. తొట్టినుండి వచ్చు తీగ ప్లగ్గును చేరుటకు ముందు క్రిందికి వ్రేలాడి మరల పైకి పోవునట్లు అమర్చినచో, తీగవెంట జారిన నీటిబొట్టు వంపువద్దనే నేలరాలును, ప్లగ్గులోనికి పోదు. గాలిపంపు నీటిమట్టమునకు క్రిందనున్నచో, కరెంటు పోయినపుడు నీరు గొట్టమున వెనుకకు దిగి పంపును నింపును. పంపును పై అరకెక్కించుడు, లేదా గొట్టమున వెనుకకు పోనీయని వాల్వు నుంచుడు. హీటరు ప్లగ్గును తీసి, పావుగంట చల్లారనిచ్చిన పిదపనే నీరు తోడుడు.

మా యింట నేడు మీటరుబల్లపై ఆ యంత్రమున్నది. దాని ముఖముపై "టి" అను అక్షరముగల చిన్న బొత్తము కలదు. నొక్కినచో అది లోపలనే ఒక నిరోధము గుండ కొంత విద్యుత్తును లెక్కకు తప్పించి పంపి, యంత్రము మేలుకొనియున్నదా యని పరీక్షించును. ఏండ్ల తరబడి కదలని మీట బిగిసిపోవచ్చును గనుక, నెలకొకమారు దానిని నొక్కుడు. టక్కుమని ఇల్లు చీకటి కానిచో, యంత్రమును మార్పించువరకు, ప్లగ్గులన్నియు ఊడదీయక తొట్టిలో చేయిపెట్టకుడు.